లూదియా చిన్నమ్మ గీకిన చక్రం

మా లూదియా చిన్నమ్మకు నలభై తొమ్మిదో ఏట కారు తోలడం వచ్చింది. వచ్చింది అనడం కన్నా పిచ్చి పట్టింది అనాలి. ఆళ్ళగడ్డ పక్క పల్లెలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పే ఈ టీచరమ్మ ఇరవై రెండేళ్ళు బస్సులో నిలబడే బడికి పోయింది. సీటు దొరికిన రోజు ఇంటికొచ్చి అందరికీ చెప్పేది. అలాంటి మనిషి చేతిలో స్టీరింగు పెడితే ఊరుకుంటుందా? ఇప్పుడు పాల ప్యాకెట్టుకైనా కారే.

చిక్కంతా సంజీవయ్య చిన్నాయనతో. ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తన బండికి గీత పడలేదని పెళ్ళిలో చెబుతాడు, చావు ఇంట్లోనూ చెబుతాడు. కారు చిన్నమ్మ పేరు మీదే ఉన్నా తాళం మాత్రం ఆయన జేబులో ఉండేది. అందులోనూ కారుకున్న అల్లాయ్ చక్రాలంటే ప్రాణం. తాళం ఇచ్చిన ప్రతిసారీ ఒకటే మాట.

"సూడు లూదియా, ఒక్క గీత పడిందంటే తాళం నాకిచ్చేసి మళ్ళా బస్సెక్కాల. ఇంగ మాట్లాడేది లేదు."

మొన్న రెండో శనివారం ఆయన ఆ మాటే చెప్పి, తాళం ఇచ్చి డ్యూటీకి పోయాక, చిన్నమ్మ అత్తగారిని ఎక్కించుకుని నంద్యాల చర్చిలో స్త్రీల కూటానికి బయల్దేరింది. అత్తగారంటే మాకు అవ్వ వరస, లింగమ్మ జేజి. బాప్తిస్మంలో మార్తమ్మ అని పెట్టినా ఊరందరికీ లింగమ్మే. ముందు సీటులో కూర్చోవడం ఆమెకు అదే మొదలు. దారి పొడుగునా కనిపించిన వాళ్ళకల్లా చెయ్యి ఊపుతూనే ఉంది. నంద్యాల ఊళ్ళోకి వచ్చాక ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, బయల్దేరేటప్పుడు ప్రార్థనే చెయ్యలేదు కదే! ఇప్పుడన్నా చేస్తా," అని గొంతెత్తి, "ప్రేమగల తండ్రీ..." అని మొదలుపెట్టింది.

ఆ మాట చెవిన పడితే చాలు, తల వంచి కళ్ళు మూసుకోవడం చిన్నమ్మకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. అప్పుడూ మూసుకుంది. లోకమంతా ఫోను చూస్తూ గుద్దుకుంటే మావాళ్ళు ప్రార్థనలో గుద్దుకుంటారు! ట్రాఫిక్కులో బండి నత్త నడక నడుస్తోంది కాబట్టి బతికిపోయారు. కుడివైపు ముందు చక్రం డివైడరును రాసుకుంటూ గరగరమంది. జేజి మాత్రం ఆమెన్ దాకా పోయే ఆగింది.

దిగి చూస్తే చక్రం అంచు సగం మేర చెక్కుకుపోయి ఉంది. చిన్నమ్మకు నడిరోడ్డు మీదే ఏడుపొచ్చింది. మళ్ళీ ఆ బస్సు, ఆ కమ్మీ, ఆ తోపులాట. తలుచుకుంటేనే కాళ్ళు నొప్పులు పుట్టాయి.

"ఏడుస్తాండావేమే? వాడు వచ్చేలోగా బాగు చేపిద్దాం పా," అంది జేజి. "వాని కాడ నేను నోరు తెరిస్తే అప్పుడు అడుగు."

అడిగి అడిగి చక్రాలు బాగుచేసే ప్రతాప్ షాపు పట్టుకున్నారు. అతను వంగి చూసి, "సాయంత్రానికి అయితాదిలే అక్కా," అన్నాడు. కూటం సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ప్రతాప్ టైరు ఊడదీసి, చక్రం కడిగి, నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో అంచు రుద్దసాగాడు. కాసేపటికి చెయ్యి ఆపేశాడు.

"అక్కా, ఈడ ఇంతకుముందే పుట్టీ పెట్టిండారు. పైన రంగు కొట్టిండారు." ఇంకాస్త రుద్ది, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "ఇది నా చేతి పనే."

"మా బండి ఎప్పుడూ నీ కాడికి రాలేదప్పా," అంది చిన్నమ్మ.

"రాకేం! ఉగాదికి ముందర ఒకాయన తెచ్చినాడు. కాకీ చొక్కా. ఇరవై ఆరేండ్ల సర్వీసు, ఇంట్లో తెలిస్తే మర్యాద పోతాది, బేగా చెయ్యప్పా అన్యాడు."

చిన్నమ్మ జేజిని చూసింది. జేజి చిన్నమ్మను చూసింది. "నా కొడుకే!" అని జేజి పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ఎందుకో తెలియకుండా ప్రతాప్ కూడా నవ్వాడు. చక్రానికి రంగు పడి, వేడి దీపం కింద ఆరే లోపు అత్తాకోడళ్ళు ఎదురు హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని, సరిపోక ఇంకో ప్లేటు చెప్పారు. తన పెళ్ళయ్యాక అంత సంతోషంగా ఎప్పుడూ తినలేదని చిన్నమ్మ నాతో అంది. నేను నమ్ముతాను.

తిరుగు దారిలో శిరివెళ్ళ దాటాక ముందు ఒక బస్సు కనిపించింది. చిన్నాయనదే. అంతవరకు లారీ వెనకైనా, ట్రాక్టరు వెనకైనా బుద్ధిగా పోయే చిన్నమ్మ గట్టిగా హారను కొట్టి, పక్కకు తీసి, బస్సును దాటేసింది. జేజి కిటికీలోంచి కొడుక్కి చెయ్యి ఊపింది. "సంజీవన్నా, అది నీ కారే కదా?" అని కండక్టరు అడిగితే, ఆయన ఖాళీ రోడ్డుకే హారను కొట్టాడట.

బస్టాండు బయట కారు ఆపి, డ్యూటీ దిగే దాకా కాచుకున్నారు. చిన్నాయన వస్తూనే కారు చుట్టూ తిరిగాడు. కుడివైపు ముందు చక్రం దగ్గర ఆగాడు.

"ఏందీ, ఇదొక్కటే ఇట్ల మెరుస్తాంది? గీకినావా?" తాళం కోసం చెయ్యి చాచాడు.

"ఆఁ, గీకినా," అంది చిన్నమ్మ. "నంద్యాల్లో ప్రతాప్ అని, చక్రాలు బాగుచేసేటోడు. నిన్ను అడిగినాడు. బాగుండాడా ఆ సారు అన్యాడు."

చాచిన చెయ్యి మెల్లగా పోయి తల గోక్కుంది. చిన్నాయన వచ్చి ముందు తలుపు తీశాడు. అక్కడ జేజి కూర్చుని ఉంది. కదల్లేదు.

"ఎనక కూచో పో నాయనా," అంది.

కూర్చున్నాడు. బస్టాండు నుంచి ఇంటికి అయిదు నిమిషాల దారి. చిన్నమ్మ ఊరంతా తిప్పి, అరగంటకు ఇల్లు చేర్చింది. తాళం ఇప్పుడు ఆమె హ్యాండుబ్యాగులో ఉంటుంది. చిన్నాయన కావాలంటే అడిగి తీసుకుంటాడు.