మార్లిస్ అడిగి ఇప్పించిన పిడులు

పెద్ద సరస్సు పక్కనున్న సుపీరియర్ ఊళ్ళో ముప్పైఎనిమిది బార్ల నేలమాళిగలు తెలిసిన మనిషి మార్లిస్ హౌటలా ఒక్కతే. ఎవరి మెట్లలో మూడోది కదులుతుందో, ఎక్కడ తల వంచకపోతే నుదురు బొప్పి కడుతుందో, ఏ యజమాని విరిగిన కుర్చీలు పారెయ్యలేక పోగేసుకుంటాడో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆమె పని బీరు గొట్టాలు కడగడం. కింద చలిగదిలో పీపాల దగ్గర మొదలై పైన బల్లమీది కుళాయిలదాకా పాకే ఆ సన్నటి గొట్టాలను పదిహేను రోజులకోసారి సోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడగాలి. లేకపోతే ఎంత మంచి బీరైనా మురిగిన వెన్న వాసన కొడుతుంది.

అంతకుముందు పదహారేళ్ళు ఆమె బడి వంటశాలలో పనిచేసింది. నలభైమూడో ఏట, పిన్ని కొడుకు ఒకడు, గొట్టాలు కడిగేవాడు, నడుం పట్టేసి మంచమెక్కితే, రెండు వారాలు సాయం చేద్దామని అతని వ్యాను తీసుకుంది. అతని నడుం బాగైంది గానీ వ్యాను సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. పదిహేనేళ్ళు అలా గడిచిపోయాయి.

బార్లు తెరవకముందే పని ముగించాలి కనుక యజమానులు ఆమెకు తాళం చెవులు ఇచ్చేశారు. ఎవరి మాళిగలో ఏం కనిపించినా పైకి వచ్చాక నోరెత్తకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. పథ్యంలో ఉన్నానని పెళ్ళాంతో చెప్పి పీపాల వెనక జున్నుగడ్డలు దాచుకునే పెద్దమనిషిని కూడా ఆమె ఎన్నడూ పట్టివ్వలేదు.

అలాంటి మార్లిస్ ఒక ఫిబ్రవరి మంగళవారం రెండు తెడ్లు దొంగిలించింది.

అవి నిజం తెడ్లు కావు. టెస్సా బ్రాండ్‌వోల్డ్ అనే అమ్మాయి సరస్సు ఉత్తరపు ఒడ్డున, పాత పడవల షెడ్డులో బీరు కాచే చిన్న బ్రూవరీ నడుపుతోంది. కుళాయి మీద బిగించే పిడి చూసే కదా తాగేవాళ్ళు ఇది ఫలానా బీరని గుర్తుపట్టి అడిగేది. అందుకని టెస్సా దేవదారు కర్రతో చిన్న తెడ్డు ఆకారంలో నలభై పిడులు చెక్కించింది. ఒక్కో దానికీ డెబ్బై డాలర్లు పడింది. ఒక చిన్న పీపా అమ్మితే ఆమెకు మిగిలేది అందులో సగం కూడా ఉండదు.

పిడి ఎప్పుడూ బ్రూవరీదే, బారుకు వాడుకోవడానికి ఇస్తారంతే. బీరు మార్చిన రోజున పిడి తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ మాట అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ పాటించరు. అన్ని కుళాయిల మర ఒకటే కాబట్టి ఏ పిడైనా దేనికైనా బిగుస్తుంది. బీరు మారగానే పాత పిడి విప్పి మాళిగలో ఏ పెట్టెలోనో పడేస్తారు. కొన్నిటిని తాగినవాళ్ళు కోటు కింద పెట్టుకుపోతారు. తిరిగి ఇమ్మని గట్టిగా అడిగితే మళ్ళీ ఆ బారులో తన బీరు పెట్టరేమోనని బ్రూవరీవాళ్ళకు భయం. రెండేళ్ళు తిరిగేసరికి టెస్సా నలభై తెడ్లలో తొమ్మిదే మిగిలాయి, అవీ కుళాయిల మీదే ఉన్నాయి.

ఒక పొద్దున ఓ బారులో ఎదురుపడినప్పుడు టెస్సా మార్లిస్‌ను మెల్లగా అడిగింది, మాళిగల్లో తన తెడ్లేమైనా కనిపించాయా అని.

"నేను గొట్టాలు చూస్తానమ్మా, గోడలు చూడను" అంది మార్లిస్.

అబద్ధమే. వారం కిందటే ఆర్విడ్ లింద్‌క్విస్ట్ మాళిగలో, పాలసీసాల పెట్టెలో ఐదు తెడ్లు చూసింది. అయినా కట్టుబాటు కట్టుబాటే అనుకుంది. కానీ మర్నాడు ఇంకో బారులో కుళాయి మీద ఒక వంటచెక్క గరిటె కనిపించింది. దానిమీద స్కెచ్ పెన్నుతో టెస్సా బీరు పేరు, చుట్టూ నల్ల టేపు. పిడి తేకపోతే కుళాయి ఇచ్చేది లేదన్నారట. ఆ పిల్ల తన వంటింట్లో గరిటె తెచ్చి కట్టి వెళ్ళింది. పదహారేళ్ళు గరిటెలతో బతికిన మార్లిస్ ఆ టేపు ఊడిపోకుండా ఇంకో చుట్టు చుట్టి వెళ్ళింది. తరువాతి మంగళవారం ఆర్విడ్ మాళిగ నుంచి పైకి వస్తుంటే ఆమె రబ్బరు ఏప్రన్ కింద రెండు తెడ్లున్నాయి.

టెస్సా వాటిని అందుకుని మురిసిపోయి, ఎక్కడివని కూడా అడక్కుండా, ఒకదాన్ని రెండు వీధుల అవతలి బారులో బిగించింది. ఆర్విడ్ గురువారం గురువారం పేకాట ఆడే బారు అదే. ఆర్విడ్‌కు డెబ్బైఆరేళ్ళు. పీపాల చుట్టూ పేరుకున్న మంచును ఆ తెడ్డుతోనే కొట్టి పగలగొట్టేవాడు. దాని కొస పెచ్చు ఊడి ఉంది. చేతిలో ముక్కలు బల్లమీద పెట్టేసి ఆ పెచ్చువైపు చాలాసేపు చూశాడట.

శుక్రవారం పొద్దున మార్లిస్‌ను పిలిపించి, బల్ల తుడుస్తూ మాట్లాడాడు.

"కర్ర గురించి కాదమ్మాయ్. అది నాదని నేను అనలేదు. ఆ పిల్లదే. కానీ మాళిగ నాది. తాళం నీకిచ్చింది గొట్టాల కోసం."

"నిజమే" అంది మార్లిస్. "నేను అడిగుంటే ఇచ్చేవారా?"

ఆర్విడ్ తడిగుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు. "ఇచ్చేవాణ్ణి కాదు. అయినా అడగాల్సింది."

తాళం చెవి బల్లమీద పెట్టి ఆమె వెళ్ళిపోయింది. వ్యానులో కూర్చున్నాక చెవులు వేడెక్కాయి. యాభైఎనిమిదేళ్ళ వయసులో బడిపిల్లలా చీవాట్లు తినడం ఒక ఎత్తు. ఆయనన్నది ముమ్మాటికీ నిజం కావడం ఇంకో ఎత్తు. ఊరు చిన్నది. సోమవారానికి ఇంకో ఇద్దరు తాళాలు వెనక్కి అడిగారు.

మిగిలినవాళ్ళు అడిగేదాకా ఆగకూడదని మార్లిస్ నిశ్చయించుకుంది. ఆ వారమంతా బారు బారుకూ వెళ్ళి తను చేసిన పని తనే చెప్పింది. ఇష్టముంటే తాళం ఉంచండి, లేకపోతే తీసుకోండి అంది. ఆమె అనుకున్నట్టు ఎవరూ కోప్పడలేదు. కొందరు నవ్వారు. చాలామంది ఎటో చూస్తూ గొంతు సవరించుకున్నారు. ఎందుకంటే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పెట్టె ఉంది. తన దగ్గర మూడు పెట్టెలున్నాయని ఒకావిడ ఒప్పుకుంది. పారెయ్యడానికి మనసు రాదట, ఎవరి పిడి ఎవరికి పంపాలో తెలియదట, ఇన్నేళ్ళలో ఒక్కరూ వచ్చి అడగలేదట.

ఇచ్చేవాళ్ళకు సిగ్గు, అడిగేవాళ్ళకు భయం. ఆ మాట మార్లిస్‌కు రెండు రోజులు బుర్రలో తిరిగింది. మూడో రోజు, మంచుమీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ క్లబ్బుకు వెళ్ళి, ఏప్రిల్‌లో లోపలి మంచు కరిగించేశాక హాలు ఒక ఆదివారం ఇస్తారా అని అడిగింది. ఇస్తామన్నారు. చేత్తోనే కాగితాలు రాసి బార్ల తలుపులకు అంటించింది. మీ దగ్గరున్న పిడులు తెచ్చి బల్లలమీద పెట్టండి, ఎన్నేళ్ళుగా ఉంచుకున్నారని ఎవరూ అడగరు, బ్రూవరీవాళ్ళు ఎవరివి వాళ్ళు తీసుకుంటారు, భోజనం వాళ్ళదే. అంతే రాసింది.

ఆర్విడ్ దగ్గరకు చివరగా వెళ్ళింది. ఈసారి అడగడానికే వచ్చానంది.

"నేను రాను" అన్నాడు ఆర్విడ్, తల ఎత్తకుండా.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. బ్రూవరీవాళ్ళు బంగాళదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన పళ్ళాలు, పొగబెట్టిన చేపలు, వెనిగర్‌లో ఊరిన గుడ్లు తెచ్చి ఒక వారగా పెట్టారు. పదకొండు గంటలకల్లా పంతొమ్మిది బార్లవాళ్ళు వచ్చారు. పిడులు బల్లలమీద పరుచుకుంటూ పోయాయి. చేపలు, గొడ్డళ్ళు, ఎలుగుబంట్లు, పంటి చిగుళ్ళతో సహా ఉన్న ఒక దవడ. ఒకటి ఆరేళ్ళుగా ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెంగా పనిచేసి వచ్చింది. ఇంకోదానితో ఒకావిడ చపాతీకర్రలా బిస్కెట్ పిండి ఒత్తేదట, ఇంకా పిండి అంటుకునే ఉంది. తెచ్చినవాళ్ళు మొదట దొంగల్లా లోపలికి జొరబడ్డారు గానీ, పక్కవాళ్ళ పెట్టెలు చూసుకున్నాక ధీమా వచ్చి, ఎవరిది పెద్ద గుట్టో అని పందాలు వేసుకోవడం మొదలుపెట్టారు.

గురువారాల పేకాట బారు యజమాని ఎనభైరెండు తెచ్చాడన్న కబురు ఎవరో ఆర్విడ్‌కు ఫోను చేసి చెప్పి ఉంటారు. పన్నెండున్నరకు ఆయన ట్రక్కు వచ్చి హాలు ముందు ఆగింది. మట్టి తోసే చక్రాల బండి దింపి, నాలుగు విడతలుగా లోపలికి తోసుకొచ్చాడు. రెండువందల పదకొండు. అందరూ చూస్తుండగా చేతులు కట్టుకుని నిలబడి, "నలభై ఏళ్ళ సరుకు. జాగ్రత్తగా దాచాను కాబట్టే కదా ఇవాళ మీకు దొరికాయి" అన్నాడు. ఆ మాటకు హాలంతా ఘొల్లుమంది. ఆయన ముఖం మాత్రం చెక్కుచెదరలేదు.

టెస్సాకు అన్నీ కలిపి ఇరవైరెండు తెడ్లు దొరికాయి. వాటిని నేలమీద వరసగా పేర్చుకుని మధ్యలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తరువాత లేచి, పెద్ద పళ్ళెం నిండా వడ్డించి ఆర్విడ్‌కు తెచ్చి ఇచ్చింది. అందులో పొగచేప మరీ ఉప్పగా ఉందని ఆయన వంక పెట్టాడు. తిని, మళ్ళీ అడిగాడు.

సాయంత్రానికి ఒక బల్ల మిగిలింది. దానిమీద ఉన్నవి మూతపడిపోయిన బ్రూవరీల పిడులు. అవి ఎవరివన్న వాదన మొదలైంది. ఇన్నేళ్ళు చోటిచ్చింది మేమే కాబట్టి మావేనని బార్లవాళ్ళు అన్నారు. పిడులు సేకరించే ఒకతను మంచి ధర ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాడు. అమ్మి హాలు పైకప్పు బాగుచేయిద్దామని ఇంకొకరు.

మార్లిస్ ఆ గొడవ వినడం లేదు. ఆమె గ్లెన్ రాస్క్‌ను చూస్తోంది. గ్లెన్ చలికాలం కౌంటీకి రోడ్లమీద మంచు తోసే లారీ నడుపుతాడు. క్లబ్బు సభ్యుడు కనుక ఆ రోజు కుర్చీలు సర్దడానికి వచ్చాడు. ఆరేళ్ళ కిందట అతనికీ ఓ బ్రూవరీ ఉండేదని, మూతపడిందని ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఇప్పుడతను చంకలో మడత కుర్చీతో ఆ బల్ల ముందు నిలబడిపోయాడు. బల్లమీద తొమ్మిది ఇనప మేకులున్నాయి. ఖనిజం మోసే రైలుపట్టాల మేకులవి. తుప్పు గీకి, నునుపు పెట్టి పిడులుగా చేసినవి.

"నువ్వు చేసినవేనా?" అని అడిగింది మార్లిస్.

గ్లెన్ తలూపాడు. "బ్యాంకువాళ్ళు వచ్చి జాబితా రాసుకున్నారు. ట్యాంకులు, పీపాలు, ఆఖరికి గోడ గడియారం కూడా. ఇవి మాత్రం రాయలేదు. అప్పుడు ఇవి నా దగ్గరుంటే కదా."

"అయితే ఎవరివంటావ్?"

వెనకనుంచి ఆర్విడ్ అందుకున్నాడు. "అందులో అడగడానికేముంది? వాడు నిలబడ్డ తీరు చూడు. తీసుకెళ్ళవోయ్. వాటిలో ఐదు మా మాళిగలోనే ఉండేవి, అద్దె అడగనులే."

వాదించేవాళ్ళు సద్దుమణిగారు. గ్లెన్ కుర్చీ కింద పెట్టి ఒక మేకు చేతిలోకి తీసుకున్నాడు. పిడులైతే వచ్చాయి గానీ, వీటితో ఇప్పుడేం చేసుకుంటానన్నాడు.

టెస్సా దగ్గరకొచ్చింది. "నాకు బీరుండి పిడుల్లేక నెలలపాటు ఏడ్చాను. మీకు పిడులున్నాయి, బీరు లేదు. మా షెడ్డులో బుధవారం బుధవారం ట్యాంకు ఖాళీగానే ఉంటుంది. ఒక్క కాపు కాచి చూడండి."

తను అంతా మరిచిపోయానన్నాడు గ్లెన్. ఏది ఎంత, ఎంతసేపు, ఏ వేడిమీద అని టెస్సా అడుగుతూ పోతే, ఒక్కదానికీ తడుముకోకుండా చెప్పేశాడు. అప్పుడుగానీ అతనికి నవ్వు రాలేదు.

జూన్‌లో గ్లెన్ నల్లబీరు ఏడు పీపాలు తయారైంది. మొదటి పీపా ఆర్విడ్ తీసుకున్నాడు. కొత్త బీరు పోసే ముందు గొట్టం శుభ్రంగా ఉండాలన్న మిషతో మార్లిస్‌కు కబురుపెట్టి తాళం చెవి చేతిలో పెట్టాడు. మధ్యలో పెట్టుకున్న కుర్రాడు సోడా ఎక్కువ వేసి వాసన తెప్పించాడని కాసేపు సణిగాడు. తాళాలు వెనక్కి తీసుకున్న మిగతా ఇద్దరూ ఆ నెలలోనే పిలిచారు. గ్లెన్ ఇప్పటికీ చలికాలం లారీయే నడుపుతాడు. ఎండలు మొదలయ్యాక రెండు నెలలు మాత్రం టెస్సా షెడ్డులో బుధవారాలు కాస్తాడు. తొమ్మిది పిడులకు మించి బీరు చెయ్యడు.

ఏప్రిల్ ఆదివారం ఏటేటా జరుగుతోంది. సొంతదారు తేలని పిడులను మార్లిస్ తన గ్యారేజీలో అరలు కొట్టించి పెట్టింది. ఏడాదికి ఒకరో ఇద్దరో వెతుక్కుంటూ వస్తారు. కిందటేడు ఆష్‌లాండ్ నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళన్నయ్య తన బ్రూవరీ కోసం బాతు ఆకారంలో ఒకే ఒక్క పిడి చెక్కాడట. బల్లలన్నీ, అరలన్నీ వెతికినా అది లేదు. మార్లిస్ ఆవిడ నంబరు రాసుకుని, ఆ వారం వెళ్ళిన ప్రతి చోటా గొట్టాలు కడగడం అయ్యాక యజమానిని అడిగి పెట్టెలు వెతికింది. గురువారం పొద్దున, పదకొండో మాళిగలో, పాత క్రిస్మస్ దీపాల చుట్ట కింద దొరికింది. అక్కడే మెట్లమీద కూర్చుని ఫోను చేసింది.

"ముక్కు ఏ రంగు?" అని అడిగింది ఆవిడ, ఆశ పెట్టుకోవడానికి జంకుతున్నట్టు.

మార్లిస్ దీపం దగ్గరకు జరిపి చూసింది. "పసుపు. ఎడమపక్క కాస్త రంగు పోయింది. ఎప్పుడొస్తారు?"