బ్రేకుల గదిలో గెబ్‌హార్డ్

గెబ్‌హార్డ్ చెయ్యి మంచిది కాదు. మాట కంటే ముందు అదే లేచేది. హైల్‌బ్రాన్ ఊరి దగ్గర మా కారు బ్రేకుల ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు చేశాడు. అతని దెబ్బ తినని మెకానిక్ లేడు. అయితే ఆ పశువు కొట్టేది ఒక్క తప్పుకే: చక్రం ఆగకముందే బోను తలుపు తీస్తే.

ఇనుప బోనులో కారు బరువుకు సరిపడే చక్రాన్ని గిర్రున తిప్పి, మోటారు ఆపి, బ్రేకు గట్టిగా వేయడం మా పని. చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ బాగుంటే బ్రేకు పట్టి వదులుతూ టకటకమంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే చక్రమూ ఆగినట్టే. మీటర్లో వేగం సున్నా అయిందని చూసి తలుపు తీయాలని రూలు. చెవులుండగా మీటరెందుకని మా పొగరు.

ఎనభై ఒకటి మార్చిలో ఒక ఉదయం, తొమ్మిదింటి తిండి వేళకు టకటక ఆగింది. గదిలో నేనూ గెబ్‌హార్డూ ఇద్దరమే. పక్క గది యంత్రాల హోరులో ఇంకేమీ వినపడలేదు. సాసేజీ మీద ధ్యాసతో తలుపు తీసి చక్రం మీదికి చెయ్యి చాచాను. ఆగింది చక్రం కాదు, బ్రేకు. నూనె గొట్టం పగిలిపోయింది. నున్నటి చక్రం ఆ వేగంలో కదలనట్టే కనిపిస్తుంది.

గెబ్‌హార్డ్ ఇనుప కడ్డీతో నా భుజమ్మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. నా చేతితొడుగు ఊడి చక్రం మీద పడి, పీలికలై గోడకు కొట్టుకుంది. కింద పడ్డ నన్ను డొక్కలో తన్నాడు.

"చచ్చేవాడివి కదరా ఏవాల్డ్. చెవులు పీకి చేతిలో పెడతా. మీటరు చూడ్డానికి కళ్ళు లేవూ?" అని ఇంకో తన్ను తన్నాడు.

"ఎందుకు కొట్టాడండీ?" అని విచారణలో అధికారి అడిగాడు.

నిజం చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. నేను రిటైరవడానికి రెండేళ్లే ఉన్నాయి.

"అతనికి కోపం ఎక్కువండీ. అందర్నీ కొడతాడు," అన్నాను.

గెబ్‌హార్డ్‌ను అడిగితే, "కొట్టాను. మళ్ళీ అయినా కొడతాను," అన్నాడు. తలుపు సంగతి ఎత్తనే లేదు. ఆ వారమే అతన్ని తీసేశారు.

సామాను తీసుకెళ్ళే రోజు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. కొడతాడని మొహానికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అతను కట్టులో ఉన్న నా కుడిచెయ్యి వైపు చూశాడు.

"వేళ్ళు కదుల్తున్నాయా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఐదు వేళ్ళూ కదిపి చూపించాను.

"సరే," అని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు.