తాళం చెవి ఎవరి వద్ద ఉన్నది?

ఆర్మూర్‌లో నా మొదటి ఉద్యోగం ఒక సర్కారు ఆఫీసులో. ఏ ఆఫీసో చెప్పను. ఇప్పటికీ నా జీతం అక్కడినుంచే వస్తోంది మరి. ఆ ఆఫీసు వెనక నాలుగు రేకుల షెడ్లుండేవి. వాటిలో కూర్చుని ఆడవాళ్లు రోజంతా పసుపు ఏరేవారు. కొమ్ములొక కుప్ప, గుండ్రటి మండ ఇంకో కుప్ప, పుచ్చువి మూలకు. సీజన్లో ఆ దుమ్ము కిటికీల్లోంచి వచ్చి మా ఫైళ్ల మీద కూర్చునేది. నిన్న తెరిచిన ఫైలు కూడా నెలలోపే తాతల నాటిదానిలా పచ్చబడేది. నా తెల్ల చున్నీలన్నీ ఆ ఒక్క ఏడాదిలోనే రిటైరయ్యాయి.

మంచినీళ్ల ఫిల్టరు నా టేబుల్ పక్కనే ఉండేది. పొద్దున పనిలోకి వచ్చేముందు ఆడవాళ్లు అక్కడ సీసాలు నింపుకునేవారు. వాళ్లలో ఒకామె ముప్కాల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది. ఒక సాయంత్రం గేటు దగ్గర చూస్తే ఆమె సీసా పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

“ఏమక్కా, చుక్క కూడా తాగలేదా?”

“తాగితే యాడికి పోవాలె మేడం? ముంగట రోడ్డు, ఎనక హమాలీలు. ఇంటికి పోయినంకనే తాగుత.”

తర్వాత ఏదో జోకు చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పింది. “దవాఖానల డాక్టరమ్మ కిడ్నీల రాళ్లున్నయన్నది. దినాం మూడు సీసాలు తాగాల్నట. గంత కాకుంటే పని బంద్ వెట్టి ఇంట్ల కూసోమన్నది. నేను ఇంట్ల కూసుంటే నా పిల్లలు ఏం తినాలె? అందుకే సీసా దినాం తెస్తున్న, దినాం కొంచవోతున్న. డాక్టరమ్మ అడిగితే సీసా ఉన్నదని చెప్తున్న.”

నేనూ నవ్వాను. ఏం చెయ్యాలో తోచక నవ్వే నవ్వు అది. నా పరిస్థితీ అంత గొప్పగా ఏమీ లేదు. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క బాత్రూం సూపరింటెండెంట్ సార్ గదిలో, ఆయన కుర్చీకి సరిగ్గా వెనక ఉండేది. ఆయన రోజుకు రెండుసార్లు టీకి పోయేవారు. ఆ రెండుసార్లే నాకు తీరిక. సార్ ఉపవాసమని టీ మానేసిన రోజు నేనూ నీళ్ల ఉపవాసమే. కానీ నాకు రాళ్లు లేవు, ఆమెకు ఉన్నాయి. షెడ్లో కూర్చుంటే ఒళ్లు పోతుంది, ఇంట్లో కూర్చుంటే పని పోతుంది. ఆమె సంగతి నాకు తెలుసన్నమాట. ఆ తర్వాత నేను చేసిన పని తెలిసే చేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. సార్ రిసీవర్ పెట్టేసి, చొక్కా పైగుండీ పెట్టుకున్నారు. అసెంబ్లీ ప్రశ్న వచ్చిందంటే ఆయన గుండీ పెట్టుకుంటారు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. శాసనసభలో ఒక సభ్యుడు రాతపూర్వకంగా ప్రశ్న అడుగుతాడు. మంత్రి రాతలోనే జవాబివ్వాలి. మంత్రికి తెలియదు కాబట్టి కార్యదర్శిని అడుగుతారు. ఆయన కమిషనర్‌ను అడుగుతారు, కమిషనర్ జిల్లాను, జిల్లా డివిజన్‌ను. ప్రశ్న ప్రతి మెట్టు మీదా నాలుగు రోజులు కూర్చుని అలసట తీర్చుకుని, చివరి మెట్టయిన మా దగ్గరికి వచ్చేసరికి గడువు గంటన్నర మిగిలేది. అలా, హైదరాబాద్‌లో ప్రభుత్వం ఏం చెప్పాలో ఆర్మూర్‌లో ఆరు నెలల సర్వీసున్న ఒక జూనియర్ అసిస్టెంటు తేల్చేది. ఈ సంగతి మంత్రిగారికి తెలిస్తే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ప్రశ్న మూడు ముక్కలుగా ఉంది. అ: పసుపు షెడ్లలో పనిచేసే మహిళలకు మరుగుదొడ్లు ఉన్నవా? ఆ: లేనిచో కారణాలేమి? ఇ: ఎప్పటిలోగా నిర్మిస్తారు?

“పాత ఫైలు తియ్యి తల్లీ,” అన్నారు సార్. మా ఆఫీసు ఆచారం అదే. ప్రతి ప్రశ్నకూ ఒక తాత ప్రశ్న ఉంటుంది, దానికి ఇచ్చిన జవాబులో తేదీ మార్చాలి. తీశాను. పచ్చటి కాగితం మీద “ఉన్నవి” అని ఉంది. నిజానికి నాలుగో షెడ్డు చివర ఒక గది కట్టి ఉంది, తలుపు మీద ఆడమనిషి బొమ్మ కూడా ఉంది. నేను చేరిన దగ్గరినుంచీ దానికి తాళం తప్ప ఇంకేమీ చూడలేదు.

“సార్, అది ఎప్పుడూ తాళమేసే ఉంటుంది కదా?”

“తాళం సంగతి అడిగిండ్రా? అడగలే గద. సూడు తల్లీ, లేదు అని ఎన్నడు రాయకు. లేదంటే ఎందుకు లేదంటరు. అది చెప్తే ఎప్పుడు కడ్తరంటరు. ఉన్నది అన్నవనుకో, ఆన్నే ఖతం. కింద రెండు ప్రశ్నలు వాటంతట అవే సస్తయ్.”

రాశాను. అ: ఉన్నవి. ఆ, ఇ: ప్రశ్న ఉత్పన్నం కాదు. చక్కగా టైపు చేసి, తప్పుల్లేవని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ పంపాను. ఫిల్టరు నా పక్కనే బుడబుడమంది. నేను అటు తిరగలేదు.

కొన్నాళ్లకు జవాబు సభలో పెట్టారు. జిల్లా పేపర్లో ఒక మూల చిన్న వార్తగా వచ్చి, అక్కడినుంచి ఎవరి ఫోన్లోకో ఎక్కి, ఆ ఫోను మా షెడ్లకే వచ్చింది. ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కు ఒక ముసలామె. అందరూ పెద్దమ్మ అంటారు. ఆమె పదిమందిని వెంటేసుకుని నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది. కోపంతో వచ్చి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె ఎంతో మర్యాదగా వచ్చింది.

“బిడ్డా, మరుగుదొడ్లు ఉన్నయని మంత్రిసారు చెప్పిండట. అంత పెద్దమనిషి అబద్ధం జెప్పడు గద. పొద్దటిసంది నాలుగు షెడ్లు తిరిగి ఎతుకుతున్నం, మాకు కానొస్తలేవు. మా కండ్లే మసకవట్టినయేమో. జర సూపియ్యి.”

ముప్కాల్ అక్క వెనకాల నిలబడి సీసా పట్టుకుని నా వైపే చూస్తోంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ “ఉన్నవి” రాసింది మంత్రి కాదు, నేను.

అందరం నాలుగో షెడ్డుకు పోయాం. వాచ్‌మన్ తాళం చెవి కోసం అరగంట వెతికి, చివరికి రాయితో తాళం పగలగొట్టాడు. లోపల పైకప్పు దాకా ఖాళీ గోనెసంచులు, పాత టార్పాలిన్లు, ఒక విరిగిన కాంటా. సంచుల మీద ఒక పిల్లి, దాని మూడు పిల్లలు. సర్కారు కల్పించిన ఆ సదుపాయాన్ని సక్రమంగా వాడుకుంటున్నది అవే.

“ఉన్నది బిడ్డా, నిజమే,” అంది పెద్దమ్మ. “సంచులకు ఉన్నది.”

సార్ వచ్చి చూసి, కొత్త తాళం వేయించారు. ఆయన చెడ్డవారు కాదు. భయస్తులు. “ఇవి కదపాల్నంటే పైకెల్లి కాగితం రావాలె తల్లీ. నా చేతుల ఏమున్నది?” అన్నారు. పైకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. మూడోది రాయబోతుంటే నాకు తట్టింది: పైనుంచి మా ఆఫీసుకు తప్పకుండా వచ్చే కాగితం ఒకటే ఒకటి ఉంది. సార్ చేత గుండీ పెట్టించే కాగితం అది.

ఆ ఆదివారం పెద్దమ్మ ఇంట్లో కూర్చుని ఆమె తరఫున, మొదటి ప్రశ్న అడిగిన శాసనసభ్యుడికి ఉత్తరం రాశాను. నాకు ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు, తెలిస్తే ఉద్యోగానికే ఎసరు. అయినా నేను జన్మలో రాసినవాటిలో ఏదీ అంత బాగా కుదరలేదు. “ఉన్నవా” అని అడిగితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? ఆ దారి నేనే నడిచినదాన్ని. అందుకే ఒక ప్రశ్న చస్తే ఇంకోటి చావకుండా, దేనికదే నిలబడేలా రాశాను. అ: సదరు మరుగుదొడ్డి తాళం చెవి ఎవరి వద్ద ఉన్నది? ఆ: ఆ గదిలో ప్రస్తుతం ఏమేమి ఉన్నవి? ఇ: ఈ జవాబు రాసిన రోజున దానిని ఎంతమంది మహిళలు వాడుకున్నారు? ఈ మూడింటికి “ఉన్నవి” అని రాస్తే పిచ్చివాళ్లమనుకుంటారు.

పెద్దమ్మ పసుపు వేలితో ముద్ర వేసింది. ఆ సభ్యుడు పక్క ఊళ్లో పెళ్లికి వస్తే, అక్షింతలు వేసి దిగుతున్న మనిషి చేతిలో పెట్టింది. “చదివిండు. నవ్విండు. జేబుల వెట్టుకున్నడు,” అని వచ్చి చెప్పింది.

తర్వాత ఎదురుచూపే. ముప్కాల్ అక్క రెండుసార్లు వారమేసి రోజులు పనిలోకి రాలేదు. వచ్చినప్పుడు నడుం పట్టుకుని కూర్చునేది. “ఈ సీజన్ అయినంక బంద్ వెడ్త మేడం, నాతోని అయితలేదు,” అంది. ఓపిక పట్టు అక్కా అని చెప్పలేను, ఎందుకో కూడా చెప్పలేను. దేవుళ్లకు మొక్కుకున్నాను. శాసనసభ సమావేశాల కోసం మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. సార్ గుండీ పెట్టుకున్నారు.

నా అక్షరాలు నా దగ్గరికే తిరిగొచ్చాయి. హైదరాబాద్ దాకా పోయి, ప్రతి మెట్టు మీదా ఒక ముద్ర వేయించుకుని, “అతి జరూరు, సాయంత్రం నాలుగు గంటలలోగా” అన్న ఎర్ర చీటీతో దిగాయి. ఒక్క మాట కూడా మారలేదు. సార్ మూడుసార్లు చదివారు.

“పాత ఫైలు తియ్యి తల్లీ.”

“దీనికి పాతది లేదు సార్.”

“తాళం చెవి ఎవరి వద్ద ఉన్నది...” అని గొణుక్కుంటూ చొక్కా జేబు తడుముకున్నారు. చెవి అక్కడే ఉంది. “గిదేం ప్రశ్న! ఎవలు రాసిండ్రో గాని మన ఇంట్ల తిరిగినట్టే రాసిండ్రు.” నేను పెన్సిల్ చెక్కుతున్నాను. అప్పటికే చెక్కి ఉన్న పెన్సిల్నే.

రెండున్నర అయింది. అబద్ధం రాయకుండా ఉండటానికి మాకు సరిగ్గా గంటన్నర ఉంది. సార్ స్వయంగా చొక్కా చేతులు మడిచి సంచులు మోశారు. వాచ్‌మన్ కాంటా లాగాడు, హమాలీలు టార్పాలిన్లు మోశారు, ప్లంబర్ వచ్చి నల్లా బిగించాడు. పిల్లిని, పిల్లలను సార్ గదికి బదిలీ చేశాం. మూడుంబావుకు కడిగిన గది తళతళలాడింది.

“ఇంక రాయి, అందరు వాడుకుంటున్నరని.”

“ఒక్కరు కూడా పోలేదు సార్. ఎంతమంది అని అడిగారు.”

ఆడవాళ్లను పిలిచాం. వచ్చారు కానీ ఎవరూ కదలరు. ఎలా కదులుతారు? సార్, వాచ్‌మన్, ప్లంబర్, ఆరుగురు హమాలీలు వరసగా నిలబడి తలుపు వైపే చూస్తున్నారు, రిబ్బన్ కటింగ్‌కు వచ్చినట్టు.

“మొగోళ్లంత గీడ నిలవడితే ఎవలు పోతరయ్యా? నడువుండ్రి!” అని పెద్దమ్మ గదిమింది. సార్ అందరినీ తీసుకుని టీకి పోయారు. పోతూ పోతూ తాళం చెవి ఆమె చేతిలో పెట్టారు. ఆమె కొంగుకు ముడేసుకుంది. ముందుగా ముప్కాల్ అక్క పొద్దటి సీసా మూత తీసి, నిలబడే గటగటా చివరి చుక్క దాకా తాగింది. ఆ తర్వాత వాళ్లు ఒక్కొక్కరే తలుపు వైపు నడిచారు. నేను లెక్కపెట్టుకుంటూ ఆఫీసుకు వచ్చాను.

టైపు చేస్తున్నాను. అ: పసుపు ఏరే మహిళల వద్ద. ఆ: నల్లా, బకెట్టు, మగ్గు. ఇ: పదకొండు మంది. సార్ టీ తాగి వచ్చి వెనక నిలబడి చదివారు. సంతకం పెట్టి, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నారు: “ఈసారి ప్రశ్న రాసేటప్పుడు జర రెండు దినాలు ఎక్కువ టైమియ్యి తల్లీ. నడుము పట్టుకున్నది.” నేను తలెత్తేలోపే గదిలోకి, పిల్లి దగ్గరికి పోయారు.

నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. ఫిల్టరు దగ్గర చప్పుడైంది. ముప్కాల్ అక్క ఖాళీ సీసా నింపుకుంటోంది. ఆ వేళప్పుడు ఆమెను అక్కడ నేనెన్నడూ చూడలేదు.

“ఇంటికి తీసుకుపోవడానికా అక్కా?”

“ఇంటికెందుకు మేడం?” అంది మూత తిప్పుతూ. “గిది రెండోది. గీడనే తాగుత.”