ఆవులు కాసే మేనబావ

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కొన్నేళ్ళపాటు కాకినాడలో పాత ఇంగ్లీషు నవలలు చవగ్గా దొరికేవి. కొత్తపేటలో బడిపంతులైన మా ఆయన అటు వెళ్ళినప్పుడల్లా నాకోసం రెండు తెచ్చేవారు. అన్నీ ఒకటే రకం. అమెరికా పడమటి బయళ్ళలో గుర్రమెక్కి ఆవుల మందలు తోలే కుర్రాడు, ఆ మందల ఆసామి కూతురు. మొదట పోట్లాడుకుంటారు, చివరికి పెళ్ళి చేసుకుంటారు. గొప్ప సాహిత్యం కాదని తెలుసు. నాకు ఇష్టం, అంతే.

మధ్యాహ్నాలు మా అత్తగారూ ఆడపడుచూ చీపుళ్ళకి కొబ్బరాకుల ఈనెలు తీస్తుంటే ఆ కథలు తెలుగులో చెప్పేదాన్ని. మొదటి రోజే అత్తగారు చేతిలో పని ఆపారు.

"ఇంతకీ ఆ ఆవులు కాసేవాడు ఆ పిల్లకి ఏమవుతాడే?"

ఏమీ కాడంటే పుస్తకం అటకెక్కుతుంది. "మేనత్త కొడుకండీ" అన్నాను.

"అలా చెప్పు. అయితే పోట్లాడుకోనీ."

అప్పట్నుంచి ప్రతి కథలోనూ గుర్రమెక్కినవాడు మేనబావే. నాలుగో నవలకి ఆవిడకే అనుమానమొచ్చింది. "ఆ దేశంలో ఆడపడుచులందర్నీ ఆవులవాళ్ళకే ఇచ్చేరేమిటే?" నవ్వేసి కథ అందుకున్నాను. నా తెలివికి మురిసిపోయాను కూడా.

ఆ ఏడే ఆడపడుచుకి రాజోలులో మేనత్త కొడుకుని అనుకున్నారు. మంచివాడే, కానీ ఈ పిల్లకి అతనిమీద మనసు లేదు. మావగారు మెతక మనిషి, వద్దంటే బలవంతం చేసేవారు కాదు. ఆ పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినకుండా తిరిగి, మూడోరోజు నా పక్కన వచ్చి కూర్చుంది.

"వదినగారండీ, నాన్నగారికి సరేనని చెప్పేనండీ. మీ కథల్లో అమ్మాయిలకీ ముందు బావంటే పడదు కదండీ. తర్వాత ఇష్టం కలుగుతుంది. నాకూ కలుగుతుందండీ."

వాళ్ళు బావలు కారని అప్పుడే చెప్పవలసింది. చెబితే అత్తగారి ముందు నా అబద్ధం బయటపడుతుంది, కథలూ ఆగిపోతాయి. అందుకు భయపడ్డాను. "కలుగుతుందిలే" అన్నాను.

పెళ్ళయి, మొదటి కాన్పుకి తను పుట్టింటికి వచ్చినప్పుడు, ఇద్దరమే ఉండగా అడిగింది.

"ఆ అమ్మాయిలకి ఇష్టం కలగడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ?"

వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆ కుర్రాళ్ళంతా పరాయివాళ్ళనీ, ఆ పిల్లలే వాళ్ళని కోరి చేసుకున్నారనీ, బావలని నేనే కల్పించాననీ. క్షమించమని చెయ్యి పట్టుకున్నాను. తను కోప్పడలేదు.

"ఇన్నాళ్ళూ లోపం నాలోనే ఉందనుకున్నానండీ" అంది.