భవిత చేతులకు కారం

భవితకు కంప్యూటరు రాదని, అందుకే ఎవరి కంప్యూటరూ ముట్టుకోదని మా వీధిలో పుట్టిన పుకారు అబద్ధం. ముట్టుకోదన్నది మాత్రం నిజం. ఏడు ఆదివారాలు కిటికీలోంచి చూసి మరీ చెబుతున్నాను.

నరసరావుపేటలో ఇంజినీరింగ్ చివరి ఏడు చదువుతోంది ఆ పిల్ల. నేస్తాలతో కలిసి ఆదివారాలు మా వీధిగదిలో లినక్స్ క్లబ్బు నడుపుతోంది. లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే సరంజామా. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చునట. లోపలికి చూడవచ్చనగానే నాకు నచ్చి గది ఇచ్చేశాను.

ఎవరైనా చెడిన కంప్యూటరు తేగానే భవిత ఒళ్లో ఎండుమిరపకాయల బుట్ట పెట్టుకుంటుంది. తొడిమలు తీస్తూ నోటితోనే వైద్యం చెబుతుంది. వచ్చినవాళ్లు తుమ్ముతూ టైపు చేసుకోవాలి. బెల్లంకొండ నుంచి వచ్చిన ఏలియా మాస్టారు పదకొండు తుమ్ములు తుమ్మి, పన్నెండో తుమ్ముకు తన కంప్యూటరు తానే బాగుచేసుకుని వెళ్లారు. ఇది చూసి వీధిలోవాళ్లు తమ మిరపకాయలు కూడా తెచ్చిపెట్టడం మొదలుపెట్టారు. నేనూ రెండు బుట్టలు పెట్టాననుకోండి.

మొన్న ఆదివారం జిరాక్స్ కొట్టు గ్రేసమ్మ కంప్యూటరూ ప్రింటరూ ఆటోలో వేసుకుని ఏడుపు ముఖంతో దిగింది. ప్రింటరు పలకడం లేదు. మర్నాడే కాలేజీ హాల్‌టికెట్లు. ఆ రోజు ప్రింట్లు తీయకపోతే పిల్లలంతా ఎదురు కొట్టుకు పోతారు, ఇక తిరిగి రారు. ఈమె కొట్టు మూసుకోవలసిందే.

“అమ్మాయ్, నువ్వే ఆ రెండు ముక్కలు కొట్టిపెట్టవే!”

“చేతులకు కారం పిన్నీ. నువ్వే కొట్టు. ఇప్పుడు డాష్.”

“డాష్ ఏడుందే తల్లీ?”

“సున్నా పక్కన.”

“సున్నా ఏడుంది?”

“తొమ్మిది పక్కన.”

నేను కిటికీలోంచి తల దూర్చాను. “ఏమే, చేతులు కడుక్కోవచ్చు గదా!”

“ఇంకా సగం బుట్ట ఉంది మామ్మా. మీదే.”

తల వెనక్కి తీసుకున్నాను.

రెండు గంటలు పట్టింది. భవిత చెప్పిందల్లా గ్రేసమ్మ టైపు చేసింది, నోటుబుక్కులో రాసుకుంది, మధ్యమధ్య చానా తిట్టింది. చివరికి కాగితం బయటికి వచ్చింది.

సోమవారం కొట్టు ముందు అరవై మంది పిల్లలు నిలబడి ఉండగా ప్రింటరు మళ్లీ మొండికేసింది. అక్కడ నాకేం పనని అడక్కండి. భవితేమో ల్యాబ్ పరీక్షలో ఉంది, ఫోను పలకలేదు. గ్రేసమ్మ చెమట తుడుచుకుని నోటుబుక్కు తెరిచింది. ఒక్క వేలితో టకటకా కొట్టింది. నాలుగు నిమిషాల్లో ప్రింటరు కదిలింది. ఒక్క పిల్లవాడూ ఎదురు కొట్టుకు పోలేదు.

ఆ సాయంత్రం భవితను వీధిలోనే ఆపి అడిగేశాను.

“నువ్వైతే అయిదు నిమిషాల్లో చేసేదానివి గదే. ఆ బుట్ట ఏంది, ఆ కారం ఏంది?”

“చేతులు ఖాళీగా ఉంటే ఊరుకోవు మామ్మా, లాక్కుని చేసేస్తయ్. మా అమ్మకు ఫోను కొన్నప్పుడు అట్టాగే ప్రతిసారీ లాక్కున్నా. అయిదేళ్లయింది. ఇవాళ్టికీ అది మోగితే మా అమ్మ, ‘ఏమే, నీ ఫోను మోగుతోంది’ అంటది.”