నాయన తీసేసిన రీలు

పోయిన వారం జమ్మలమడుగులో, మా అన్న ఇంట్లో కూర్చుని ఫోనులో ఆ పాత సినిమా మళ్ళీ చూశాం. చెవులు కప్పే జుట్టు, నేల ఊడ్చే బెల్‌బాటం, మోటారుసైకిలు మీద హీరో. విలను గుహలో ఎర్రబల్బుల కింద గంజాయి తాగే హిప్పీలు. ఒక హిప్పీ గిటారు వాయిస్తుంటే విగ్గు పక్కకు జరిగింది. కడుపుబ్బ నవ్వాను. అయినా ఆ సినిమా అంటే నాకు ప్రాణం.

మా నాయన ప్రొద్దుటూరులో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. అవి పార్టీల కక్షలు ముదిరిన రోజులు. హాల్లో ఒక పార్టీ వాళ్ళు ఎడమ పక్క, రెండో పార్టీ వాళ్ళు కుడి పక్క కూర్చునేవారు. తెర మీద బాంబు పేలితే నిజమైనదే అనుకుని రెండు పక్కలా లేచేవారు. అందుకని ఆపరేటర్లు బాంబు వచ్చే ముక్క కత్తిరించి, సినిమా పక్క ఊరికి పోయేటప్పుడు మళ్ళీ అతికించి పంపేవారు.

మా చిన్నాయనను పెద్దముడియం దారిలో నరికిన నెలకే, ఈ సినిమా మా ఊరికి వచ్చింది. తమ్ముణ్ణి చంపినవాళ్ళను వదలనని హీరో ఒట్టు పెట్టుకుంటాడు. మరుక్షణం ఇంటికొచ్చి, పీట మీద కూర్చుని, అన్నం పెట్టమని అమ్మను అడుగుతాడు. పగ మానుకున్నాడని హాల్లో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై ఏళ్ళ మా అన్న ఆ వారమంతా రోజూ ఆ సినిమాకే పోయాడు.

మా పార్టీ నాయకుడి మనుషులు ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

"మీ చిన్నాయన రక్తం ఊరికే పోవల్నా అప్పా? పులివెందుల బస్టాండుకు రా, మాట్లాడదాం" అన్నారు.

సినిమా మా ఊరి నుంచి వెళ్ళిపోయిన రెండు రోజులకు అన్న చెప్పకుండా బస్సెక్కాడు. అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మరుసటి రోజు తిరిగొచ్చి, పీట వాల్చుకుని, అన్నం పెట్టమన్నాడు. అమ్మ తేరుకునేలోపు నాయనే లేచి వడ్డించాడు. అంతకుముందు ఆయన గరిటె పట్టగా నేను చూడలేదు. సినిమా చూసి మా అన్న మారాడని ఊరంతా చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

ఇప్పుడు ఫోనులో ఒట్టు తర్వాత, అప్పుడు మా హాల్లో చూడని పావుగంట సినిమా ఉంది. హీరో ఒక్కొక్కరినీ వెతికి చంపాడు, గుహ పేల్చాడు, ఆ చేతులతోనే వచ్చి పీట మీద కూర్చున్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

"అన్నా, వాడు మానుకోలేదు."

"నాకు తెలుసు పాపా. ఆ పొద్దు పులివెందులలో వాళ్ళు వచ్చేదానికి ఇంకా టయముందని హాలుకు పోయినా. ఇదే బొమ్మ ఆడతాండాది. అతికించి పంపినారు కదా, అంతా చూసినా."

"మరి తిరిగొచ్చినావే?"

"బాంబు ముక్క ఒక్కటే తీయమనింది ఓనరు. నాయన మొత్తం రీలే తీసేసినాడు. నేను దినామూ ముందు బెంచీలో కూర్చుంటాంటి, పైన మిషను రూములోనుంచి ఆయనకు కనపడతాంటి."

"ఈ సంగతి నాయనకు చెప్పినావా?"

"చెప్పేదేముంది? అన్నం పెట్టమంటి. ఆయనే లేచి పెట్టె."