లీలమ్మ పేక

లీలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని మాదన్నపేటలో అందరూ అనేవారు. ఆ అన్నదమ్ముల ఇంట్లో కాపురం చేస్తే ఎవరికి ఉండదు? మేం బెజవాడ నుంచి వచ్చి వాళ్ల వాకిట్లోనే ఓ గది అద్దెకు తీసుకున్నాం కనుక నాకు తెలుసు.

లీలమ్మ ఛత్తాబజారులో పెళ్లి కార్డులు అచ్చేసే చోట అట్టలు కోసేది. మొగుడు సీమోను, పెళ్లి చేసుకోని బావగారు బాబురావు ఒకే ఫ్యాక్టరీలో ఫిట్టర్లు. పేకాటలో జోకరు నువ్వు దాచావంటే నువ్వు దాచావని తగువుపడి, ఏడాదిగా మాటలు మానేశారు. సిగ్గులేని మనుషులు! అవసరానికి మాత్రం ముసలి తల్లి కాశమ్మ కావాలి. "అమ్మా, అగ్గిపెట్టె ఉన్నదేమో అడుగు" అని ఈ అరుగు మీంచి ఒకడు. "లేదని చెప్పమ్మా" అని ఆ అరుగు మీంచి ఇంకొకడు. మధ్య దూరం చెంబు విసిరితే తగిలేంత.

ఎనభైల మొదట్లో ఓసారి కర్ఫ్యూ పెట్టారు. అందరం వాకిట్లోనే చిక్కుకుపోయాం. కొడుకుల కబుర్లు మోస్తూ కాశమ్మ నూతి దగ్గర పాకుడు మీద జారిపడింది. మోకాలు బూరెలా వాచింది. డాక్టరుకు చూపిద్దామన్నా గల్లీ దాటే వీల్లేదు.

లీలమ్మ అచ్చు తప్పిన పెళ్లి కార్డుల వెనక బొమ్మలు గీసి కొత్త పేక తయారుచేసింది. చేద, తాడు, బియ్యం, పొయ్యి, కట్టెలు, ఒకే ఒక్క అమ్మ. ఏ ముక్కా ఒంటరిగా పనికిరాదు. చేద పక్కన తాడు పడితేనే నీళ్లు, నీళ్లకు బియ్యం, పొయ్యి, కట్టెలు కలిస్తేనే అన్నం. పేక అయిపోయేలోపు అన్నం వండితే అందరూ గెలిచినట్టు, లేదంటే అందరూ ఓడినట్టు. తన దగ్గర లేని ముక్కను ఎదుటివాణ్ని అడిగి తీసుకోవాలి. అమ్మ ముక్కను మాత్రం ఏది లేకపోతే దాని బదులు వాడుకోవచ్చు. పని కాగానే అది మళ్లీ మధ్యలో పరిచిన చాప మీదికి వచ్చేస్తుంది.

"గీ ఆట ఆడితేనే ఇయ్యాల పొయ్యి ముట్టిస్త" అంది.

ఆకలికి ఇద్దరూ కూర్చున్నారు. రమ్మీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ముక్కలు రొమ్ముకు అదుముకుని, ఏది తక్కువైనా అమ్మ ముక్కను లాక్కోవడమే. నోరు విప్పకుండానే ఆట గట్టెక్కించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చూసినవా అక్కా, ఆటల గూడ అత్తమ్మనే ఉరికిస్తున్నరు!" అని నాతో అంటూ లీలమ్మ ముక్కలన్నీ నేలకేసి కొట్టింది.

మంచం మీంచి కాశమ్మ చెయ్యి చాచింది. "గా అమ్మ ముక్క ఇటియ్యి." తీసుకుని రెండుగా చింపేసింది. "నేను సచ్చిననుకోండ్రి. ఇగ ఆడుండ్రి."

లీలమ్మే మళ్లీ ముక్కలు పంచింది. పేక తరిగిపోతోంది. సీమోను చేతిలో చేద ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి తిప్పి, తల ఎత్తకుండానే గొణిగాడు.

"అన్నా, తాడు నీ తాననా?"

"ఎప్పటిసంది నా తాననే ఉన్నది." బాబురావు తాడు ముక్క తీసి చేద పక్కన పెట్టాడు. "నువ్వు అడగాలె గదరా!"

ఇద్దరి కళ్లూ తడిశాయి. లీలమ్మ మాత్రం కరగలేదు.

"ఏడ్పులు తర్వాత. లేసి బాయి కాడికి పోయి నీళ్లు తోడుకరాండ్రి. అత్తమ్మ కాలుకు కాపడం పెట్టాలె."